నోటితో ఏటన్నావ్, సేతిలో ఏటున్నాది

జాకీ వాళ్ళింటి తలుపు నేను మొదటిసారి తట్టింది పోట్లాడడానికే. చేతిలో శబ్దం కొలిచే మీటరు కూడా ఉంది.

అది 2004 డిసెంబరు. మా అమ్మాయి మైత్రికి అప్పటికి ఏడు వారాలు. టాటానగర్ సీతారాండేరాలో మా ఇంటికీ పరంజ్యోతి గారింటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి ఇవతల మైత్రి ఉయ్యాల. అవతల పరంజ్యోతి గారి అబ్బాయి జాకీ, ఒక పాత కంప్యూటరు, మనిషి నడుమెత్తు స్పీకరు పెట్టె. మా ఆయన మధుసూదన్‌ది స్టీలు ప్లాంటులో సేఫ్టీ డిపార్ట్‌మెంటు కాబట్టి మీటరు దొరికింది. నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, కాన్పు ముందు దాకా స్కూల్లో పాఠాలు చెప్పాను. బిడ్డ పుట్టాక మాత్రం చదువంతా కొలతల్లోకి దిగింది. స్నానం నీళ్ళ వేడి, గదిలో వేడి, పాప ఎన్నిసార్లు తుమ్మింది, అన్నీ రాసుకునేదాన్ని. ఆ రోజు ఉయ్యాల దగ్గర డెబ్బై తొమ్మిది డెసిబెల్స్ చూపించింది.

తలుపు తీసిన కుర్రాడికి ఇరవై మూడేళ్ళుంటాయి. నేను కాగితం చూసి అంకెలు చదువుతుంటే వాడి చూపంతా మీటరు మీదే ఉంది. నా తిట్లు పూర్తయ్యేదాకా ఆగి, ఇది బాస్ కూడా పట్టుకుంటుందా దీదీ అని అడిగాడు. పట్టుకుంటుందన్నాను. సన్నటి శబ్దం గోడ దగ్గర ఆగిపోతుందనీ, బొంగురు శబ్దం గోడనే కదిలించి దాటుతుందనీ, పెట్టె గోడకి ఆనించి ఉన్నంతకాలం నువ్వు సగం తగ్గించినా నా బిడ్డకి ఒరిగేదేమీ లేదనీ చెప్పాను. వాడు పాఠం విన్నట్టు విన్నాడు. మర్నాడు సాయంత్రం స్క్రాపు దుకాణం నుంచి కన్వేయర్ బెల్టు రబ్బరు ముక్కలు తెచ్చి పెట్టె కింద పరిచి, గోడకి దూరంగా జరిపి, మా తలుపు తట్టాడు. కొలిస్తే యాభై ఎనిమిది. ఆ అంకె చూసి మా ఇద్దరికీ ఒకేలాంటి సంతోషం కలిగింది. అప్పట్నుంచి నన్ను దీదీ అనడం మానేసి అక్కా అన్నాడు.

పగలంతా జాకీ బిష్టుపూర్లో కార్లకీ ఆటోలకీ స్టీరియోలు బిగించే షాపులో పనిచేసేవాడు. ఏ బండిలో ఏ స్పీకరు ఎంత అదురుతుందో చెవితోనే చెప్పేవాడు. పని అయ్యాక ఇంటికొచ్చి ర్యాప్ కట్టేవాడు. ర్యాప్ అంటే పాడడం కాదు, తాళానికి మాటని కొట్టడం అని నాకు అర్థమయ్యేలా చెప్పింది వాడే.

వాడికి ఈ పిచ్చి పట్టించింది ఒక సీడీ. ఓడల్లో పనిచేసే విశాఖపట్నం బావ తెచ్చి ఇచ్చాడు. అమెరికాలో మయామీ అనే ఊరుందట. క్యూబా నుంచి వలసొచ్చిన కుటుంబంలో పుట్టిన కుర్రాడొకడు అక్కడ ర్యాప్ చేస్తాడట. వాళ్ళింట్లో మాట్లాడే స్పానిష్, వీధిలో మాట్లాడే ఇంగ్లీషు, రెండూ ఒకే వాక్యంలో కలిపేసి, వాళ్ళ తాతల కాలం నాటి డోళ్ళ దరువుని క్లబ్బుల్లో జనం ఎగిరే బీటు మీద ఎక్కిస్తాడట. జాకీ ఆ సీడీ నాకు వినిపించాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ కాలు ఆగలేదు. ఒళ్ళో మైత్రి కాళ్ళు కూడా ఆడించింది. అంత చిన్నపిల్ల అలా ఆడించవచ్చా అని ఆ రాత్రి పుస్తకం తీసి చూశాననుకోండి, అది వేరే సంగతి.

నెలలు గడిచే కొద్దీ ఆ మయామీ కుర్రాడి పేరు పెరుగుతూ వచ్చింది. రెండో సీడీ వచ్చింది. పత్రికలో బొమ్మ వచ్చింది. జాకీ ఆ బొమ్మ కత్తిరించి కంప్యూటరు పక్కన అంటించుకున్నాడు. వీడు మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. ఆటోలో స్టీరియో బిగించినప్పుడల్లా తన పాటల సీడీ ఒకటి లోపల పెట్టేసి పంపేవాడు. వారం తిరక్కుండా ఆటోవాళ్ళు దాన్ని తెచ్చి కౌంటరు మీద పెట్టి, భయ్యా, ఇది తీసేసి మంచి పాటలేవైనా వెయ్యి అనేవారు. కారణం నాక్కూడా వినబడేది, చెప్పలేకపోయేదాన్ని. ఆ పాటల్లో జాకీ ముక్కుతో ఇంగ్లీషు మాట్లాడేవాడు.

కలకత్తాలో ఒక చిన్న క్యాసెట్ కంపెనీ ఉంది. సంతాలీ, ఒడియా పాటలు వేసి మా వైపు ఊళ్ళలో అమ్ముతుంది. ఆ కంపెనీ తరఫున కౌశిక్ బాబు అనే ఆయన నెలకోసారి టాటానగర్ వచ్చేవాడు. జాకీ ఆయనకి పదకొండు సీడీలు ఇచ్చాడు. ఆయన పదకొండూ విన్నాడు, అది ఆయన మంచితనం. ఆఖరికి ఒకరోజు షాపు ముందు నిలబడి, ఇలాంటివి వినాలనుకుంటే మయామీ వాడే ఉన్నాడు కదా, నువ్వెందుకు నాకు అన్నాడు. ఆ మాట చెప్పినప్పుడు జాకీ నవ్వడానికి ప్రయత్నించాడు గానీ మధ్యలోనే మానేశాడు.

ఇప్పుడు తంబోలా సంగతి చెప్పాలి. దానితోనే అంతా మారింది.

మా తెలుగు సంఘం ఏటా జనవరిలో డిమ్నా చెరువు దగ్గర పిక్నిక్ పెడుతుంది. భోజనాలయ్యాక తంబోలా ఉండి తీరాలి. టికెట్ మీద పదిహేను నంబర్లుంటాయి. సంచిలో ఉన్న తొంభై బిళ్ళల్లోంచి ఒక్కోటి తీసి నంబరు పిలుస్తుంటే మన టికెట్ మీద ఉన్నవి గీసుకుంటూ పోవాలి. పదిహేనూ ముందు గీసినవాళ్ళది ఫుల్ హౌస్, పెద్ద బహుమతి. ఇరవై రెండేళ్ళుగా ఆ నంబర్లు పిలిచింది పరంజ్యోతి గారే. ప్లాంటులో క్రేన్ డ్రైవరుగా చేసి అరవయ్యో ఏట రిటైరయ్యారు. సంచి ఆయన భార్య త్రేసమ్మ గారు కుట్టింది. ఆయన ఏ నంబరునీ ఊరికే పిలవరు. ఏడు వస్తే, షిఫ్టు ఆరింటికి, దొరగారొచ్చింది ఏడింటికి అంటారు. పదమూడు వస్తే, దరఖాస్తు పెట్టిన పదమూడేళ్ళకి క్వార్టరు అంటారు. జనం నంబరు కోసం కాక ఆ మాట కోసం కాచుకుని ఉంటారు.

గొంతులో ఏదో పుండు లేచి డాక్టరు గట్టిగా మాట్లాడవద్దన్నాక, ఆయన సంచి కొడుక్కిచ్చారు. జాకీకి ఇష్టం లేదు. క్లబ్బులో పాడాల్సినవాణ్ణి ముసలాళ్ళకి నంబర్లు పిలవమంటారా అని నా దగ్గర గొణిగాడు. కానీ ఒక సాయంత్రం గోడ అవతలి నుంచి కొత్త శబ్దం వినిపించింది. నాన్నగారి నంబర్లన్నీ బీటు మీద పెట్టి చూస్తున్నాడు. నేను మైత్రిని చంకనేసుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. అరవై దగ్గరికొచ్చాడు.

"అరవైకి మా అయ్య ఇంటికొచ్చినాడు, అరవయ్యొకటికీ సైరన్‌కే లేచినాడు."

ముక్కులో ఇంగ్లీషు లేదు. పరంజ్యోతి గారు రిటైరయ్యాక కూడా ఐదింటి సైరన్‌కి లేచి, బూట్లేసుకుని, గుర్తొచ్చి మళ్ళీ విప్పుతారని మా గోడకి కూడా తెలుసు. ఇది చాలా బాగుందిరా అన్నాను. వాడు నమ్మలేదు. ఇది పాట కాదక్కా, నంబర్లు అన్నాడు. అయినా ఆ రెండు చరణాలు రోజూ ఎన్నిసార్లు అనుకునేవాడో. మైత్రి ఉయ్యాల ఊపుతూ నేను కూడా అవే అనుకునేదాన్ని.

పిక్నిక్‌కి పది రోజుల ముందు కౌశిక్ బాబు ఫోను చేశాడు. ఆ ఆదివారం పని మీద ఊళ్ళో ఉంటాననీ, సాయంత్రం రైలుకి వెళ్ళిపోవాలనీ, మధ్యలో ఒక గంట పిక్నిక్ దగ్గర కూర్చుంటాననీ, ఇదే ఆఖరిసారి వినడమనీ చెప్పాడు. తంబోలా మధ్యలో ఆపకుండా బీటు నడిపించి, ఫుల్ హౌస్ అవగానే అదే ఊపులో తన కొత్త ఇంగ్లీషు పాటలోకి దూకాలని జాకీ పథకం. ఒక్క క్షణం కూడా మ్యూజిక్ ఆగకూడదు, ఆగితే మూడ్ పోతుందని నాతో నాలుగుసార్లు చెప్పాడు. పరంజ్యోతి గారు అన్నీ విని, నెమ్మదిగా ఒకే మాట అన్నారు.

"పాట నీ ఇట్టం. బిళ్ళ మాత్రం సూసి పిలు."

నన్ను బిళ్ళల దగ్గర కూర్చోబెట్టాడు. పిలిచిన ప్రతి బిళ్ళా అట్ట మీద దాని గడిలో పెట్టి, ఎవరైనా గెలిచామంటే టికెట్‌తో సరిచూడడం నా పని. అక్క లెక్క తప్పదు అని అందరికీ చెప్పాడు. నా భయం వేరు. బిళ్ళలు చిన్నవి, పావలా కాసంత. మైత్రికి పద్నాలుగు నెలలు, దొరికిందల్లా నోట్లోకే. ఆట మొదలవ్వకముందే తొంభై లెక్కపెట్టి సంచిలో పోశాను.

జనవరి ఎండ బాగుంది. టెంపో మీద స్పీకర్లు, జాకీ ముందు బీటు నడిపే మీటల పెట్టె, పక్కన జనరేటరు. దుప్పట్లు పరుచుకుని నూట ఎనభై మంది కూర్చున్నారు. ముందు వరసలో వరహాలమ్మ గారు, కస్తూరమ్మ గారు. ఇద్దరూ తోడికోడళ్ళు, పలాస వైపు వాళ్ళు. ముప్పై ఏళ్ళుగా సంఘం వంట వాళ్ళ చేతిమీదే జరుగుతుంది, ముప్పై ఏళ్ళుగా ఉప్పు గురించి వాళ్ళకి పడదు. ఆ ఏడాది ఫుల్ హౌస్ బహుమతి ఐదు లీటర్ల కుక్కరు. దాని మీద ఇద్దరికీ కన్నుందని పులిహోర కలిపేటప్పుడే అందరికీ తెలిసిపోయింది. చెట్టు కింద కుర్చీలో కౌశిక్ బాబు కూర్చున్నాడు. ఆయన ఆటో రోడ్డు మీద ఆగి ఉంది.

జాకీ మొదలుపెట్టాడు. నేను చెవుల్లో దూది పెట్టుకున్నాను, పాప చెవుల్లోనూ పెట్టాను. మొదటి పది నంబర్లకే జనం చప్పట్లు తాళంలో పడ్డాయి. వాడు సంచిలో చెయ్యి పెట్టడం, బిళ్ళ తీయడం, చరణం కొట్టడం, బిళ్ళని నా ముందున్న స్టీలు పళ్ళెంలోకి విసరడం, అన్నీ బీటు మీదే. నేను సర్దేలోగా రెండు బిళ్ళలు పోగయ్యేవి. కౌశిక్ బాబు వేళ్ళతో కుర్చీ చేతిమీద కొట్టడం చూశాను. జాకీ కూడా చూశాడు. వాడి కాళ్ళు నేల మీద లేవు.

యాభయ్యో నంబరు దాటాక మైత్రి పళ్ళెం అంచు పట్టుకుని లాగింది. నాలుగైదు బిళ్ళలు దుప్పటి మీద చెల్లాచెదరయ్యాయి. ఒక చేత్తో పాపని పట్టుకుని రెండో చేత్తో ఏరుతున్నాను. అప్పుడే అరవై వచ్చింది. వాడు ఎదురుచూసిన అరవై.

"అరవైకి మా అయ్య ఇంటికొచ్చినాడు."

రిటైరైన వాళ్ళందరూ ఒక్కసారి హోరెత్తించారు. పరంజ్యోతి గారు తలొంచుకుని నవ్వుకున్నారు. ఆ హోరులోనే జాకీ తర్వాతి బిళ్ళ తీసి, అరవయ్యొకటి చరణం కొట్టి, బిళ్ళ ఇటు విసిరాడు. అది అంచుకి తగిలి బోర్లా పడి దొర్లింది.

"హౌస్" అని వరహాలమ్మ గారు లేచి నిలబడ్డారు.

టికెట్ నా చేతికొచ్చింది. జాకీ మ్యూజిక్ ఆపలేదు, తరువాతి పాట కోసం చెయ్యి మీట మీద పెట్టుకుని నా వైపు చూస్తున్నాడు. నేను ఒక్కొక్కటీ సరిచూశాను. పద్నాలుగు ఉన్నాయి. అరవయ్యొకటి గడి ఖాళీ. పళ్ళెంలో లేదు. దుప్పటి మీద కనబడలేదు. తలతిప్పి చూస్తే మైత్రి నోరు నములుతున్నట్టు కదులుతోంది.

ఆ తర్వాత నేనేం చేశానో నాకు వరసగా గుర్తులేదు. పాపని బోర్లా పడుకోబెట్టి వీపు మీద తట్టాను. వేలు నోట్లో పెట్టి తిప్పాను. పాప ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తోందంటే గాలి ఆడుతోందని బుర్రకి తెలుసు, చేతులకి తెలియలేదు. అరవయ్యొకటి లేదు, మింగేసింది అని అరిచానట. స్పీకర్ల మోతలో దగ్గరున్న నలుగురికి తప్ప వినబడి ఉండదు. చెట్టు కింద కౌశిక్ బాబు చేతి గడియారం చూసుకుని లేచాడు.

మ్యూజిక్ ఆగిపోయింది.

"అక్కా, పాప ఏం మింగలేదు. అరవయ్యొకటి సంచిలోనే ఉంది. నేను తీసింది పంతొమ్మిది. నోరు జారింది, అరవయ్యొకటి అనేశాను."

మైకులోనే చెప్పాడు. మైత్రి నోట్లోంచి నా వేలికి వచ్చింది నానిన బిస్కెట్టు ముక్క. దుప్పటి కింద మోకాలికి గట్టిగా ఏదో తగిలితే తీసి తిప్పాను. పంతొమ్మిది.

తర్వాత నాతో చెప్పాడు. నోట్లోంచి మాట దాటిన మరుక్షణమే వాడికి తెలిసిందట. అరవయ్యొకటితో ఎవరికీ హౌస్ కాకపోవచ్చు, తరువాత ఆ బిళ్ళ సంచిలోంచి మెల్లగా తీసి పళ్ళెంలో వేసేద్దాం, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాడట. వరహాలమ్మ గారు హౌస్ అన్నప్పుడు కూడా నోరు మెదపలేదు. నా వేలు పాప నోట్లో చూశాక ఉండలేకపోయాడు.

నూట ఎనభై మందీ ఒక్కసారి మాట్లాడారు. అరవయ్యొకటి గీసినవాళ్ళు ఒక జట్టు, పంతొమ్మిది ఉన్నవాళ్ళు ఒక జట్టు. కస్తూరమ్మ గారు టికెట్ ఎత్తి చూపించారు. ఆవిడ పంతొమ్మిది కోసమే ఆగి ఉన్నారు. వరహాలమ్మ గారు జాకీ చేతిలోంచి మైకు లాక్కున్నారు.

"ఏటిరా గుంటడా, ఏటన్నావ్? అరవయ్యొకటి అన్నావా, అన్నేదా? అన్నాక నాను గీసినానా, గీయనేదా?"

కస్తూరమ్మ గారు అదే మైకు మీదకి వంగారు. "నోటితో ఏటన్నాడో కాదప్పా, సేతిలో ఏటున్నాది? నోటితో మీ మరిది కూడా బంగారం సేయిత్తానన్నాడు. ముప్పయ్యేళ్ళయిపోనాది. సేతిలో ఏటున్నాది?"

వరహాలమ్మ గారి మరిది అంటే కస్తూరమ్మ గారి మొగుడే. ఆయన వెనక వరసలో కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. జనం పగలబడి నవ్వారు.

"నా మరిదిని ఇందలకి లాగకు. కుక్కరు నాది."

"కుక్కరు నీదైతే సేతిలో సూపించు."

"అన్నాడా, అన్నేదా?"

"సేతిలో ఏటున్నాది?"

నేను పాపని గుండెకి అదుముకుని జాకీ మొహం చూస్తున్నాను. పాలిపోయి ఉంది. చెట్టు కింద కుర్చీ ఖాళీ. ఉన్నట్టుండి వాడి తల ఒక పక్కకి వాలింది, ఆటోలో స్పీకరు అదురు వినేటప్పుడు వాలినట్టు. వాడి కుడిచెయ్యి మీట మీదకి పోయింది. ఉత్త డ్రమ్ము, చిన్నగా. వరహాలమ్మ గారు అన్నావా అన్నేదా అన్నప్పుడు రెండు దెబ్బలు. కస్తూరమ్మ గారు సేతిలో ఏటున్నాది అన్నప్పుడు మూడు. వాళ్ళకి తెలియదు. వాళ్ళు అప్పటికే తాళంలో ఉన్నారు, వీడు దాని కింద చాప పరిచాడంతే. తర్వాత బాస్ వదిలాడు. తర్వాత వంగి, వాళ్ళిద్దరి మధ్య మూతి పెట్టి, తనని తానే తిట్టుకుంటూ అందుకున్నాడు. సేతిలో పంతొమ్మిది పెట్టుకుని నోటితో అరవయ్యొకటి అన్న సచ్చినోణ్ణి నాను. అయ్య సూసి పిలమన్నాడు, సూడనేదు నాను. ఇంటర్‌వ్యూలో హిందీలో ఏటన్నారు, కాగితం మీద ఏటిచ్చినారు. పెళ్ళిలో ఏటన్నారు, పళ్ళెంలో ఏటెట్టినారు. ప్రతి మాట చివరా జనం అందుకున్నారు. సేతిలో ఏటున్నాది. దుప్పట్ల మీంచి లేచి రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు విప్పి చూపిస్తూ.

పదకొండు నిమిషాలు నడిచింది. తోడికోడళ్ళిద్దరూ మొదట కోపంతో, తర్వాత కోపం నటిస్తూ, చివరికి ఒకరి భుజం ఒకరు పట్టుకుని గెంతుతూ తిట్టుకున్నారు. నా చేతిసంచిలో మీటరు ఉంది, తీసి చూస్తే తొంభై ఆరు. నియమం ప్రకారం పాపని తీసుకుని దూరంగా వెళ్ళిపోవాలి. అరచేతులతో దాని చెవులు మూసి పది అడుగులు వెనక్కి వెళ్ళాను. అంతకంటే వెళ్ళలేకపోయాను.

వెనక్కి వెళ్ళినప్పుడే చూశాను. రోడ్డు మీద కౌశిక్ బాబు ఒక కాలు ఆటోలో, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడి ఉన్నాడు. ఆటో డ్రైవరు దిగి గెంతుతున్నాడు. కాసేపటికి ఆయన ఆ రెండో కాలు కూడా దించేశాడు.

ఆ రైలు తప్పిపోయింది. కుక్కరు విషయంలో పరంజ్యోతి గారు తీర్పు చెప్పారు. పిలిచిన మాట కాదు, తీసిన బిళ్ళే నంబరు, కుక్కరు కస్తూరమ్మదే అన్నారు. ఆపైన కొడుకు దగ్గరికొచ్చి సంచి మూతి బిగించి వాడి చేతిలోనే పెట్టారు. జాకీ కౌశిక్ బాబు ముందు నిలబడి, తను అనుకున్న పాట వేరే ఉందనీ, వినిపిస్తాననీ అన్నాడు. ఆయన వద్దని చెయ్యి ఊపాడు.

"ఆ ఇద్దరు అమ్మగార్లూ కలకత్తా వస్తారా?"

ఫిబ్రవరిలో వెళ్ళారు. స్టూడియోలో గాజు అద్దం వెనక, చెవులకి హెడ్‌ఫోన్లతో నిలబెడితే వరహాలమ్మ గారికి నోట తిట్టు రాలేదట. ఎంత బతిమాలినా మర్యాదగా, బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పారట. మధ్యాహ్నం దాకా అంతే. అప్పుడు కస్తూరమ్మ గారు బ్యాగులోంచి ఆ కుక్కరు తీసి, అద్దం అవతల బల్ల మీద పెట్టి, కొంగుతో తుడిచారట. ఆ తర్వాత తీసిన మొదటి టేకే పాటలో ఉంది. రైల్లో వంట చేసుకోవడానికి తెచ్చాను గానీ పాట కోసం కాదు అని కస్తూరమ్మ గారు ఇప్పటికీ అంటారు.

ఏప్రిల్లో క్యాసెట్, సీడీ రెండూ వచ్చాయి. తర్వాత జరిగింది చెప్పాలంటే నాకిప్పటికీ ఊపిరి అందదు. సీడీలు తెచ్చి కౌంటరు మీద పెట్టి వెళ్ళిన ఆటోవాళ్ళే మళ్ళీ వచ్చి ఒకటుందా భయ్యా అని అడిగారు. మే నెలలో పాపకి టీకా వేయించడానికి బిష్టుపూర్ వెళితే, సిగ్నల్ దగ్గర ఆగిన మూడు ఆటోల్లో రెండింట్లో వరహాలమ్మ గారే. డ్రైవర్లు తెలుగువాళ్ళు కారు. అన్నావా అన్నేదా అంటూ స్టీరింగ్ మీద కొడుతున్నారు. నా పక్కన కూర్చున్నావిడ ఇది ఏ భాష అని హిందీలో అడిగింది. మాది అన్నాను. గొంతు ఎందుకో పెద్దదైంది.

అక్కడి నుంచి ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ప్రోగ్రాం, రాయపూర్లో రెండు, పలాసలో ఊరేగింపు లారీ మీద ఒకటి, విశాఖపట్నంలో ఒక హోటల్ క్లబ్బులో నిజంగానే రంగురంగుల దీపాల కింద ఒకటి. ఆ క్లబ్బు నుంచి జాకీ ఫోను చేసి మాట్లాడకుండా ఫోను గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు, నేను విన్నాను. ఇంగ్లీషులో చదువుకున్న పిల్లలంతా శ్రీకాకుళం యాసలో అరుస్తున్నారు. మయామీ కుర్రాడు టీవీ మ్యూజిక్ ఛానల్లోకి వచ్చింది కూడా ఆ ఏడాదే. జాకీ గోడ మీద తట్టి పిలిచాడు. ఇద్దరం నిలబడి చూశాం. వాళ్ళింటి మాటని వాడు క్లబ్బులోకి తీసుకెళ్ళాడక్కా, నేను ముందు వాడింటి మాటనే తీసుకెళ్ళబోయాను అన్నాడు. అని, ఆ కత్తిరించిన బొమ్మ కొంచెం పక్కకి జరిపి, అక్కడ పంతొమ్మిది బిళ్ళ అతికించాడు. సంఘం వాళ్ళు ఆ బిళ్ళ బదులు అట్ట ముక్క కత్తిరించి వాడుకుంటున్నారు.

2008 నవంబరులో రూర్కెలాలో పెద్ద మైదానంలో షో పెట్టారు. జాకీ మాకు ముందు వరస పాసులు పంపాడు. నేను వెనక వరసకి మార్పించుకున్నాను. మధుసూదన్ సేఫ్టీ స్టోర్ నుంచి మైత్రి తలకి సరిపడే చెవి కప్పులు తెచ్చారు. పాపకి నాలుగేళ్ళు నిండాయి. స్టేజి మీద వరహాలమ్మ గారికీ కస్తూరమ్మ గారికీ చెరో కుర్చీ, పరంజ్యోతి గారికి మధ్యలో ఒకటి. ఆయన ఒళ్ళో ఆ గుడ్డ సంచి.

షో మధ్యలో బీటు ఆగింది. ఆ ఆగడం ఇప్పుడు పాటలో భాగం. చీకట్లో పరంజ్యోతి గారు లేచి సంచిలో చెయ్యి పెట్టి, ఒక బిళ్ళ తీసి, దీపానికి ఎదురుగా ఎత్తి, కళ్ళు చికిలించి నింపాదిగా చదివారు. ఆయన చదివేదాకా జాకీ నోరు విప్పలేదు. మైదానంలో పదివేల మంది విప్పలేదు. తర్వాత వరహాలమ్మ గారి గొంతు లేచింది, దాని కింద బాస్ లేచింది, జన్మలో తంబోలా ఆడని వాళ్ళంతా చేతులు పైకెత్తి వేళ్ళు విప్పారు.

మధుసూదన్ భుజాల మీద కూర్చున్న మైత్రి చెయ్యి ఎత్తలేదు. నా వైపు వంగింది. ముందు నోరు బాగా తెరిచి చూపించింది. తర్వాత రెండు పిడికిళ్ళూ నా మొహం ముందు పెట్టి విప్పింది. ఆ పిక్నిక్ రోజు నుంచి నేను రోజుకి పదిసార్లు అడిగేది అదే కదా. చేతుల్లో ఏమీ లేదు. నేను తలూపాక, తృప్తిగా తిరిగి, అందరితో పాటు పైకెత్తింది.